గోడ చెప్పిన ఎత్తు

ఆ సైకిళ్ల షాపుకి బోర్డు మీద ఉన్న పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. అందరూ గోడ షాపు అనేవాళ్లు. లోపలికి వెళ్లగానే ఎడమచేతి వైపు గోడ మీద నల్ల రంగుతో గీసిన ఒక కొలబద్ద ఉండేది. షాపాయన తండ్రి బతికున్న రోజుల్లో రసమట్టం పెట్టి, దారం లాగి, షట్టరు దించుకుని మూడు రోజులు గీశాడట. మూడడుగుల దగ్గర మొదలై ఆరున్నర అడుగుల దాకా అంగుళానికో గీత. గీతల పక్కన తెల్ల అంకెల్లో, ఏ ఎత్తు మనిషికి ఏ సైజు ఫ్రేమో. అన్నిటికన్నా కింద, నేలను ఆనుకుని ఒక ఎర్ర గీత. మడమలు అక్కడ ఆనాలి, లెక్కంతా అక్కణ్నుంచే.

"మనిషి అబద్ధం చెప్తాడు, గోడ చెప్పదు" అనేవాడు ఆ పెద్దాయన. నిజమే, ఎత్తు విషయంలో అబద్ధం ఆడని మగాణ్ణి ఆయన చూసి ఉండడు. అందుకని ఎంత గొప్పవాడొచ్చినా చెప్పులు విప్పించి, గోడకు నిలబెట్టి, నెత్తి మీద అట్ట పెట్టి చూశాకే సైకిలు చూపించేవాడు. ఆ తర్వాత రెండో పరీక్ష. సైకిలుకి అటో కాలు ఇటో కాలు వేయించి, పై గొట్టానికీ మనిషికీ మధ్య నాలుగు వేళ్లు దూరతాయో లేదో చూసేవాడు. రోడ్డు మీద తిరిగే సైకిలుకైతే రెండు వేళ్లు చాలు, కొండలెక్కే సైకిలుకి నాలుగూ దూరాల్సిందే. రాళ్ల మీద హఠాత్తుగా ఆగాల్సొస్తే కాలు నేలకి అందాలి. అందకపోతే ఏమవుతుందో ఆయన చెప్పేవాడు కాదు, ఫ్రేము మార్చేవాడు.

కొడుకు చేతికి షాపు వచ్చాక రెండో పరీక్ష పోయింది. ఆడవాళ్లు మొహమాటపడుతున్నారని మొదట మానేశాడు, తర్వాత మగవాళ్లకీ మానేశాడు. గోడ ఉందిగా, చాలనుకున్నాడు. గోడంటే అతనికి అంత గురి. ఏటా ఆ గీతల మీద సన్న కుంచెతో తనే రంగు వేసేవాడు, వెంట్రుకవాసి కూడా పక్కకి పోనిచ్చేవాడు కాదు.

ఇక తప్పెక్కడ జరిగిందో ముందే చెప్పేస్తాను, దాచి లాభం లేదు. కిందటి వానాకాలం షాపులోకి మోకాలెత్తు నీళ్లొచ్చాయి. పాత గచ్చు పగుళ్లిచ్చింది. తాపీ మేస్త్రి వచ్చి, పాతది తవ్వి కొత్తది వేద్దామన్నాడు. తవ్వితే వారం రోజులు షాపు మూసుకోవాలి, కొత్త సైకిళ్ల మీద దుమ్ము పడుతుంది. "తవ్వడం ఎందుకు మేస్త్రీ, దాని మీదే వేసెయ్" అన్నాడు షాపాయన. మేస్త్రి పాత గచ్చు మీద సిమెంటు పరిచి, దాని మీద టైల్స్ వేశాడు. మెరిసిపోయే తెల్ల టైల్స్. నేల రెండంగుళాలు పైకి లేచింది. గోడ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. కొలిచేవాడి కళ్లు ఎప్పుడూ తల దగ్గరే ఉంటాయి కాబట్టి, కాళ్ల దగ్గర ఎర్ర గీత మాయమైందని ఎవరూ చూడలేదు.

ఆ రోజు నుంచీ ఆ షాపులోకి వచ్చిన ప్రతి మనిషీ రెండంగుళాలు పెరిగాడు.

మొదట పెరిగినవాడు షాపాయన బావమరిది. బస్టాండులో టికెట్ల కిటికీ వెనక ఉద్యోగం. ఇంట్లోవాళ్లు, స్నేహితులు, ఆఖరికి బస్టాండులో పోర్టర్లు కూడా అతన్ని బుడంకాయ అనేవాళ్లు. ఎత్తు పీట మీద కూర్చుని టికెట్లిచ్చినంతసేపూ అందరితో సమానమే, లేచి బయటికొస్తేనే తంటా. నవ్వుతూ పడేవాడు గానీ లోపల ఎంత మండేదో వాళ్లక్కకి తెలుసు. చిన్నప్పుడు ఇంటి వెనక పైపు పట్టుకుని గంటల తరబడి వేలాడేవాడట, సాగుతానని.

కొండల మీద సైకిలు తొక్కే జట్టు ఒకటి ఊళ్లో తయారైంది. బ్యాంకు మేనేజరు దానికి పెద్ద. అందులో చేరతానని బుడంకాయ సైకిలు కోసం వచ్చాడు. చెప్పులు విప్పి గోడకు నిలబడ్డాడు. షాపాయన నెత్తి మీద అట్ట పెట్టి చూసి, కళ్లు చికిలించి మళ్లీ చూశాడు.

"ఒరేయ్, అయిదడుగుల ఏడంగుళాలు!"

"ఎంతా?"

"ఏడు. ఇదిగో, గోడే చెప్తోంది."

బుడంకాయ వెనక్కి తిరిగి ఆ గీత వైపు చూసిన చూపు షాపాయన ఎన్నటికీ మరిచిపోలేడు. లాటరీ తగిలినవాడు కూడా అలా చూడడు. "నేనెప్పుడూ అనుకుంటూనే ఉన్నా బావా, అందరూ కలిసి నన్ను తొక్కేశారు" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. షాపాయనకీ సంతోషం వేసింది. అయిదున్నర దాకా పదహారు అంగుళాల ఫ్రేము, దాటితే పద్దెనిమిది. పద్దెనిమిది దించాడు, ఎర్రది.

బుడంకాయ అటో కాలు ఇటో కాలు వేశాడు. నాలుగు వేళ్లు కాదు, ఒక వేలు కూడా దూరే సందు లేదు. మడమలు నేల మీంచి కొద్దిగా లేచి ఉన్నాయి. షాపాయన అది చూశాడు. చూడలేదని అతను తర్వాత చాలామందితో అన్నాడు గానీ, చూశాడు. ప్యాంటు మందంగా ఉందిలే అనుకున్నాడు. గోడ ఏడు అంటుంటే తన కళ్లని నమ్మడమేమిటని కూడా అనుకున్నాడు.

మర్నాడు బుడంకాయ అక్క దగ్గరికొచ్చాడు. షాపు వెనకే ఇల్లు, ముందు గదిలో ఆవిడ మిషను. ఊళ్లో సగంమంది బట్టలు ఆవిడే కుడుతుంది.

"అక్కా, సైకిలు తొక్కడానికి రెండు ప్యాంట్లు కుట్టు. పొడవు రెండంగుళాలు ఎక్కువ పెట్టు, పాత కొలత వద్దు" అన్నాడు దర్జాగా.

ఆవిడ టేపు తీసి కాలి లోపలివైపు కొలిచింది. నోటుబుక్కు తిరగేసింది. అయిదేళ్ల కింద ఇరవై ఎనిమిదిన్నర. నిరుడు ఇరవై ఎనిమిదిన్నర. ఇవాళా అంతే. తమ్ముడి మొహంలో వెలుగు చూసి ఏమీ అనలేకపోయింది. రాత్రి అన్నాల దగ్గర మొగుణ్ణి పట్టుకుంది.

"కాలు పెరక్కుండా మనిషెలా పెరిగాడండీ? మెడ సాగిందా?"

"నీ టేపు ప్యాంట్లకి. మా గోడ సైకిళ్లకి."

"సైకిలు తొక్కేది కాళ్లతోనేగా?"

"మా నాన్న గీసిన గీత తప్పంటావా?"

మాట అక్కడిదాకా వచ్చాక ఆవిడ నోరు మూసుకుంది. ఆ ఇంట్లో మామగారి గోడ జోలికి ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. అయినా ప్యాంట్లు మాత్రం పాత కొలతకే కుట్టి, మడత లోపల రెండంగుళాల గుడ్డ ఉంచేసింది.

ఆ తర్వాత ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. మందుల షాపామె వచ్చి, అరగంట తొక్కితే చేతులు తిమ్మిరెక్కుతున్నాయంది. హ్యాండిలు దూరంగా ఉన్నట్టుందని కూడా అంది. "కొత్తలో అలాగే ఉంటుంది, అలవాటైపోతుంది" అన్నాడు షాపాయన. లెక్కల మాస్టారు మెడ పట్టుకుని వచ్చాడు. ఆయనకీ అదే మాట. పోస్టాఫీసులో పనిచేసే అమ్మాయి చదునైన రోడ్డు మీద, సిగ్నలు దగ్గర ఆగబోయి పక్కకి పడింది. మోకాలు చెక్కుకుపోయింది. "కాలు పెట్టాననే అనుకున్నానండీ, నేల లేదు" అంది. ఆ మాట విని షాపాయన అట్ట అందుకున్నాడు. ఆ అమ్మాయిని మళ్లీ గోడకు నిలబెట్టాడు. గోడ మళ్లీ అదే ఎత్తు చెప్పింది. అలవాటైపోతుంది అన్నాడు, ఈసారి కాస్త మెల్లగా.

బావమరిది మాత్రం ఏ ఫిర్యాదూ చేయలేదు. కాకపోతే అతను ఆగే తీరు ఒకటి షాపాయన గమనించాడు. షాపు ముందు ఎప్పుడు ఆగినా ఫుట్‌పాత్ అంచు వెతుక్కుని, దాని మీద కాలు ఆనించి ఆగేవాడు. అంచు లేని చోట ఆగేవాడే కాదు, గుండ్రంగా ఒక చుట్టు తిరిగి వచ్చేవాడు. అదొక స్టయిలు అనుకున్నారు అందరూ. షాపాయన కూడా అలాగే అనుకోవాలని చాలా ప్రయత్నించాడు.

ఒక ఆదివారం జట్టు మొత్తం కొండెక్కింది. ఇరవై ఇద్దరు. పొద్దున్నే బయల్దేరి వెనకవైపు బాట మీద పైకి చేరి, పదింటికి ముందువైపు రాళ్ల దారిలో దిగాలని ఏర్పాటు. ఆ దారిలో రెండో మలుపు దగ్గర ఎడమవైపు ఏమీ ఉండదు, గాలి తప్ప.

తొమ్మిదింటికి తాపీ మేస్త్రి షాపుకొచ్చాడు. గోడ పక్కన ఒక టైలు కింద బోలుగా మోగుతోందని షాపాయనే రమ్మన్నాడు. మేస్త్రి ఉలితో టైలు లేపి, కింద సిమెంటు పెళ్ల ఊడదీసి, చేత్తో దుమ్ము ఊడ్చాడు.

"ఇక్కడేదో గీతుందండోయ్, ఎర్రగా" అన్నాడు.

షాపాయన చెయిను బిగిస్తున్నవాడు తల తిప్పాడు. గుంటలో, గోడ అడుగున, ముప్పై ఏళ్ల నాటి ఎర్ర గీత తడిసిన రంగుతో కనిపించింది. తెల్ల టైల్స్ దానికి చాలా పైన ఉన్నాయి.

"ఎంత లోతుంటుంది మేస్త్రీ?"

మేస్త్రి బొటనవేలు పెట్టి చూశాడు. "రెండంగుళాలు. పాతదాని మీదే వెయ్యమన్నారు కదా తమరు. నేను తవ్వుదామనే అన్నా."

షాపాయన పానా పక్కన పెట్టేశాడు. ముందు అతనికి గుర్తొచ్చింది పోస్టాఫీసు అమ్మాయి మాట, ఆ తర్వాత సందు లేని ఆ గొట్టం, కొద్దిగా లేచిన ఆ మడమలు. ఫోను తీసి బావమరిదికి చేశాడు. కొండ మీద సిగ్నలు అందదు. మళ్లీ చేశాడు, మళ్లీ చేశాడు. భార్యను కేకేస్తే ఆవిడ మిషను మీంచి అలాగే లేచొచ్చింది, మెడలో టేపుతో. గుంటలోకి ఒక్కసారి చూసింది. "చెప్పానా" అనలేదు. "బండి తియ్యండి" అంది, అంతే.

కార్లు వెళ్లే రోడ్డు మీద స్కూటరు ఎంత తోలినా పైకి చేరేసరికి పదికి ఇంకా పది నిమిషాలే ఉంది. దారి పొడుగునా షాపాయన ఒక్కటే అనుకున్నాడు, ఇంకా దిగకూడదు, వాళ్లు ఇంకా దిగకూడదు. వాళ్లు దిగలేదు. కొండ మీద చదునులో అందరూ నిలబడి నీళ్లు తాగుతున్నారు. హమ్మయ్య అనుకున్నాడు. చెప్పాల్సిన మాట ఒక్కటే, చెప్పడానికి పది నిమిషాల టైముంది. అదే అతని కొంప ముంచింది.

"గోడాయన వచ్చాడు!" అని ఎవరో అరిచారు. చప్పట్లు కొట్టారు. బ్యాంకు మేనేజరు ఎదురొచ్చి, "ఏమయ్యా, గోడని కూడా వెంట తెచ్చావా?" అన్నాడు. అందరూ నవ్వారు. షాపాయన ఆ మొహాల వైపు చూశాడు. మందుల షాపామె. లెక్కల మాస్టారు. పోస్టాఫీసు అమ్మాయి, మోకాలికి పట్టీతో. తెల్ల టైల్స్ పడ్డాక తన గోడకు నిలబడినవాళ్లు ఇక్కడే పద్నాలుగు మంది ఉన్నారు. ఒక్క మాట అంటే పద్నాలుగు మందీ వింటారు. సాయంత్రానికి ఊరంతా వింటుంది. నాన్న గోడ తప్పంటారు. తప్పు గోడది కాదని, తనదని చెప్పాలంటే అది ఇంకా పెద్ద మాట.

బావమరిది అవతలి అంచు దగ్గర ఉన్నాడు, ఎర్ర సైకిలు మీద. కాలు ఒక రాయి మీద ఆనించి ఉన్నాడు.

"ఒరేయ్, ఒకసారి దిగు" అన్నాడు షాపాయన దగ్గరికెళ్లి.

"ఎందుకు బావా?"

"బ్రేకు... బ్రేకు కేబులు చూడాలి."

"నిన్న సాయంత్రం నువ్వేగా బిగించావు."

"చెప్పండి" అంది వెనక నుంచి భార్య.

"ఇవాళ్టికి నడిపించుకుంటూ దిగు. కింద మాట్లాడుకుందాం."

బుడంకాయ మొహం ఎర్రబడింది. గొంతు తగ్గించి, "ఇంతమందిలో నేనొక్కణ్ణే నడిపించుకెళ్లాలా? మళ్లీ మొదలుపెట్టమంటావా వాళ్లని?" అన్నాడు. ఆ మాట నిజం కూడా. ఈ ఆరు నెలలుగా అతన్ని ఎవరూ బుడంకాయ అనడం లేదు. ఇప్పుడు షాపాయన అతని నెత్తి మీంచి రెండంగుళాలు తీసేయాలి, అందరి ఎదుటా. నోట్లోకి వచ్చిన మాట పళ్ల దగ్గర ఆగిపోయింది. వాడి పరువు కోసమే ఆగుతున్నానని తనకు తాను చెప్పుకున్నాడు. అందులో సగం కూడా నిజం లేదు.

మేనేజరు ఈల ఊదాడు.

"చెప్పరేంటండీ!" భార్య అతన్ని తోసుకుని ముందుకొచ్చింది. "ఒరేయ్ తమ్ముడూ, ఆగరా! ఆ సైకిలు నీ కొలత కాదురా!"

బుడంకాయ బావ వైపు చూశాడు, అవునా కాదా అన్నట్టు. షాపాయన నోరు తెరిచాడు. మాట రాలేదు. "మా అక్క ప్యాంట్లు కూడా పొట్టిగానే కుట్టింది, బావా" అని నవ్వి, రాయిని కాలితో తన్ని కదిలాడు బుడంకాయ. అందరికన్నా ముందు.

మొదటి మలుపు బాగా తిరిగాడు. పైనుంచి ఎవరో శభాష్ అన్నారు. రెండో మలుపులో ముందు చక్రం రాళ్లలో ఇరుక్కుంది. బ్రేకు వేశాడు. బ్రేకు చక్కగా పడింది, అందులో లోపమేమీ లేదు. సైకిలు ఆగింది. అతను ఎడమకాలు కిందికి చాచాడు. పైనుంచి చూస్తున్న అందరికీ కనబడింది, ఆ కాలు నేల కోసం వెతకడం. కాలివేళ్ల చివరలు గులకరాళ్లను తాకాయి, అంతకన్నా కిందికి అందలేదు. చాలా మెల్లగా, ఎవరో పట్టుకుని వంచుతున్నట్టు, మనిషీ సైకిలూ కలిసి ఎడమవైపుకి ఒరిగారు. అరుపు కూడా రాలేదు.

"ఎవరూ దిగొద్దు!" అని అరిచాడు షాపాయన. "సైకిళ్లు వదిలెయ్యండి! గోడ తప్పు చెప్పింది, అందరికీ తప్పు చెప్పింది, రెండంగుళాలు, నేల లేపించింది నేనే, నేనే లేపించాను!" ఇప్పుడు ఎంత తేలిగ్గా వచ్చాయో మాటలు. అతని భార్య అప్పటికే ఆ రాళ్లలో చెప్పుల్లేకుండా పరిగెడుతోంది. మెడలో టేపు గాలికి ఊగుతోంది.

ప్రాణం పోలేదు. పదిహేను అడుగుల కింద ఒక బండ ఆపింది. సాయంత్రం నాలుగింటికి ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు చూసి, నడుము దగ్గర వెన్నులో రెండు ఎముకలు చితికాయని, మిగతా సంగతి రెండు రోజులు పోతేగాని చెప్పలేమని అన్నాడు. ముందు నడుముకి గట్టి బెల్టు తెప్పించాలట. నర్సు కాగితం పట్టుకుని మంచం దగ్గరికొచ్చింది.

"పేషెంటు ఎత్తెంత?"

"అయిదడుగుల ఏడు" అన్నాడు బుడంకాయ. గొంతు పీలగా ఉంది, కానీ తడుముకోలేదు.

నర్సు రాయబోయింది. మంచం కాళ్ల దగ్గర నిలబడ్డ షాపాయన, "కాదమ్మా" అన్నాడు. "అయిదడుగుల అయిదు. మా షాపులో తప్పు కొలిచాను."

మెడ తిప్పే వీల్లేదు కాబట్టి బుడంకాయ కళ్లు మాత్రం తిప్పాడు. బావని చూశాడు.

"పైన చెప్పుంటే దిగేవాణ్ణి కదా బావా" అన్నాడు.

షాపాయనకి ఏడవాలని ఉంది, ఏ మొహం పెట్టుకుని ఏడవాలో తెలియలేదు. అక్క తమ్ముడి తల నిమురుతూ మొగుడి వైపు చూడకుండా కూర్చుంది.

నర్సు కాగితం మడిచి, దుప్పటి పాదాల మీంచి పైకి జరిపింది. జేబులోంచి పెన్ను తీసి మూత వెనక కొసతో కుడి పాదం కింద, మడమ నుంచి వేళ్ల దాకా గట్టిగా గీసింది. ఇంకోసారి గీసింది. అరికాలిలో ఎర్రగా గీత తేలడం షాపాయనకు కనబడుతోంది.

"పాదానికి ఏదైనా తగిలినట్టు ఎప్పుడు తెలిస్తే అప్పుడు చెప్పండి" అంది నర్సు.

"అలాగేనండీ" అన్నాడు బుడంకాయ, పైకప్పు వైపు చూస్తూ. "మొదలుపెట్టండి."

నర్సు అప్పటికే రెండో పాదం దగ్గరుంది.